ఒక్కరోజు కోట ప్రయాణం: పాలమూరు, నల్లగొండ నుంచి ఎటు పోవాలి?

సెలవు ఒక్కరోజే. పొద్దుగాల బయల్దేరి రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరాలి. చూసేది కోట అయి ఉండాలి. ఈ మాట ఎత్తితే చాలు, ఎవరైనా గోలకొండ అంటారు, లేదంటే వరంగల్ అంటారు. మహబూబ్‌నగర్ నుంచో నల్లగొండ నుంచో వెళ్లేవాళ్లకు గోలకొండ ప్రయాణంలో సగం హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే అయిపోతుంది. వరంగల్‌కు ఒక్కరోజు చాలదు, ఒకవేళ వెళ్లినా ఉరుకులు పరుగులే. అంత దూరం పోవాల్సిన అవసరమూ లేదు. ఇటు గద్వాల, కోయిలకొండ, పానగల్, ఖిల్లా ఘనపురం ఉన్నాయి. అటు దేవరకొండ, రాచకొండ, భువనగిరి ఉన్నాయి. కృష్ణ దాటితే రాయచూరు. చిక్కంతా వీటిలో దేన్ని పట్టుకోవాలన్న దగ్గరే.

చాలామంది ఫొటోలు చూసి నిర్ణయించుకుంటారు. ఫొటోలో అన్ని కోటలూ ఒకేలా ఉంటాయి: ఒక బురుజు, ఒక దర్వాజా, వెనక ఆకాశం. వెళ్లాక తేడా తెలుస్తుంది. నా లెక్కలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. మీకు గోడల మధ్య ఊరు ఇంకా బతికి ఉన్న కోట కావాలా, గుట్ట మీద ఎవరూ లేని ఖిల్లా కావాలా? రాయచూరు, గద్వాల మొదటి రకం. దేవరకొండ, రాచకొండ, భువనగిరి, కోయిలకొండ రెండో రకం. మొదటి రకంలో దర్వాజా కిందనుంచి ఆటోలు పోతుంటాయి, బురుజు పక్కన బట్టలు ఆరేసి ఉంటాయి. రెండో రకంలో మీరు, రాళ్లు, గాలి. ఏది ఇష్టమో తెలియకుండా వెళ్తే మొదటి దాంట్లో “ఇదేం కోట, అంతా ఇళ్లే” అంటారు, రెండో దాంట్లో “ఇక్కడ తాగడానికి నీళ్లు కూడా లేవే” అంటారు.

ఆ తర్వాత ప్రశ్న మోకాళ్లది. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో వస్తానంటే గుట్ట ఖిల్లాలన్నీ పక్కన పెట్టేయండి. “కింద చెట్టు నీడన కూర్చుంటాంలే, మీరు ఎక్కి రండి” అని వాళ్లంటారు గానీ, రెండు గంటలు వాళ్లను అట్లా కూర్చోబెట్టి ఎక్కినవాళ్లెవరూ పైన నిమ్మళంగా ఏమీ చూడలేరు.

రాయచూరు: నా ఓటు దీనికే

మహబూబ్‌నగర్ వైపు వాళ్లు ఒకే ఒక్క చోటికి వెళ్లగలిగితే రాయచూరే వెళ్లమంటాను. అది కర్ణాటక కదా అని చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. 1956 దాకా రాయచూరు కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఇప్పుడు మనం గద్వాల, ఆలంపురం అంటున్న తాలూకాలు అప్పటి రాయచూరు జిల్లాలోవే. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు ఆ రెండూ మహబూబ్‌నగర్‌లో కలిశాయి. రాయచూరు బజారులో ఇప్పటికీ తెలుగుతో పని జరిగిపోతుంది. బోర్డులు కన్నడం, బేరం తెలుగు.

దారి తేలిక. 167వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే దేవరకద్ర, మరికల్, మక్తల్ మీదుగా సుమారు 110 కిలోమీటర్లు. కృష్ణ వంతెన దాటుతుంటే శక్తినగర్ థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి, అక్కడినుంచి ఇక ఎంతో లేదు. బస్సులో వెళ్లే ఆడవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: మహాలక్ష్మి ఉచిత ప్రయాణం తెలంగాణ సరిహద్దు దాకే, అక్కడినుంచి టికెట్ తీసుకోవాలి. కర్ణాటక వాళ్ల శక్తి పథకం ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకే వర్తిస్తుంది, మన ఆధార్ చూపిస్తే కుదరదు. 2023 అక్టోబరులో కృష్ణ స్టేషన్ మీదుగా కాచిగూడ–రాయచూరు రైలు కూడా మొదలైంది, కానీ ఒక్కరోజులో వెళ్లి రావడానికి బస్సే నయం. రైలు వేళలు మన తిరుగుడుకు అనుకూలంగా ఉండాలి కదా.

కోట కోసం వెతకాల్సిన పని లేదు. బస్టాండు దిగితే గోడ పక్కనే ఉంటుంది. ఈ ఊరికి రెండు గోడలు. లోపలిది కాకతీయుల కాలం నాటిది. పెద్ద పెద్ద రాతి దిమ్మెలు సున్నం లేకుండా, ఒకదాని మీద ఒకటి అతికినట్టు పేర్చారు. బయటిది తర్వాత బహమనీలు, ఆదిల్‌షాహీల కాలంలో లేచింది, దాని కట్టడం తీరే వేరు. బయటి గోడకు పడమర మక్కా దర్వాజా, ఉత్తరాన నౌరంగీ దర్వాజా, తూర్పున కాటి దర్వాజా, దక్షిణాన ఖందక్ దర్వాజా. లోపలి గోడకు సైలానీ, సికందరీ దర్వాజాలు. మక్కా దర్వాజా నుంచి సైలానీ దాకా నడవండి, రెండు గోడల మధ్య తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. పిల్లలను తీసుకెళ్తే రాళ్ల మధ్య గోరు దూర్చి చూడమనండి, లోపలి గోడలో చాలాచోట్ల దూరదు.

అసలు చూడాల్సింది పడమటి వైపు లోపలి గోడలో ఉన్న పొడవాటి బండ. నలభై అడుగులు దాటిన ఒకే రాయి. దాని మీద శాసనం ఉంది: 1294లో గోరె గంగయ్యరెడ్డి పేరున విఠ్ఠలనాథుడు ఈ కోట కట్టించాడని. ఈ గంగయ్యరెడ్డి కాకతీయుల సామంతుడైన మన గోన గన్నారెడ్డేనని చరిత్రకారులు చెప్పే మాట. గోన వంశం వాళ్ల రాజధాని వర్ధమానపురం, అంటే బిజినపల్లి దగ్గరి నంది వడ్డెమాన్. పాలమూరు దొర కట్టించిన కోటను పాలమూరు వాళ్లు పరాయి రాష్ట్రంలో ఉందని చూడకుండా ఉండటం నాకైతే విడ్డూరంగానే ఉంటుంది.

శాసనం చదవలేకపోయినా ఫర్వాలేదు, అక్కడే గోడ మీద గీసిన బొమ్మ చూడండి. అంత బండను గని నుంచి ఎట్లా తెచ్చారో చెక్కి పెట్టారు. గట్టి చక్రాల బండి మీద బండ, ముందు బారుగా కట్టిన పశువులు, పక్కన అదిలిస్తున్న మనుషులు, చక్రాల కింద గునపాలు పెట్టి ఎత్తుతున్నవాళ్లు. గీతలు సన్నగా ఉంటాయి, పై ఎండలో అసలు కనపడవు. పొద్దున గానీ సాయంత్రం గానీ వెలుగు పక్కనుంచి పడేటప్పుడు నిలబడితే ఒక్కో పశువూ బయటికొస్తుంది. కోట కట్టించినవాడి పేరు చెప్పే శాసనాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. రాయి మోసినవాళ్ల బొమ్మ పెట్టినవి ఎన్ని?

ఇక 1520 సంగతి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నేల కోసం విజయనగరం, బహమనీలు తరాల తరబడి కొట్టుకున్నారు. ఆ ఏడాది మే నెలలో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించి రాయచూరును పట్టాడు. ముట్టడిలో పోర్చుగీసు తుపాకీవాళ్లు ఆయన పక్షాన నిలిచారు. గోడ మీద తలెత్తిన కాపలావాళ్లను వాళ్లు తుపాకులతో పడగొడుతుంటే కింద మనుషులు గోడ రాళ్లు పీకారని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసిపెట్టాడు. గోడ దగ్గర నిలబడి ఈ ఒక్క ముక్క చెప్పండి, పదేళ్ల పిల్లవాడు కూడా తల పైకెత్తి చూస్తాడు.

ఊరి మధ్య గుట్ట ఉంది, దాని మీద బాలా హిస్సార్. మెట్లున్నాయి, దేవరకొండతో పోలిస్తే ఈ ఎక్కుడు పెద్ద లెక్క కాదు. పైనుంచి ఆమ్ తలాబ్, మొత్తం ఊరు, రెండు గోడల గీత కనపడతాయి. పెద్దవాళ్లు ఎక్కకపోయినా నష్టం లేదు, రాయచూరులో ముఖ్యమైనదంతా కిందే ఉంది. నేను దీన్ని ముందు పెట్టడానికి అదీ ఒక కారణం.

లోపాలూ ఉన్నాయి. ఎక్కడేముందో చెప్పే బోర్డులు తక్కువ, ఉన్నవి కూడా కొన్నిచోట్ల చదవలేం. గోడకు ఆనుకుని చెత్త కుప్పలుంటాయి, కొన్ని మూలల్లో ముక్కు మూసుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకా వెళ్లడం అంటే ఒళ్లు కాల్చుకోవడమే. తిండికి మాత్రం బెంగ లేదు: జొన్న రొట్టె, మిరపకాయ బజ్జి, మరమరాలతో చేసే సుశ్ల. సుశ్లను మనవాళ్లు ఉగ్గాని అనుకుని తినేస్తారు, తప్పేం లేదు.

గద్వాల: కోట కోసం ఒక్కదానికే అయితే వద్దు

ఇది చెప్తే నడిగడ్డ వాళ్లకు, అంటే గద్వాల ప్రాంతం వాళ్లకు, కోపం రావచ్చు. గద్వాల కోటను 17వ శతాబ్దంలో నల్ల సోమనాద్రి కట్టించాడు. మట్టికోట. రాయచూరు చూసిన కళ్లతో చూస్తే గోడలు కరిగిపోతున్నట్టు ఉంటాయి, కొన్నిచోట్ల నిజంగానే కరిగిపోయాయి. కోట లోపల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నడుస్తుంది. గుడికని లోపలికి వెళ్తే ఎదురుగా పరీక్ష రాసి బయటికొస్తున్న పిల్లలు కనిపిస్తారు. ఆ చెన్నకేశవస్వామి గుడి మాత్రం చక్కగా ఉంటుంది, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. గుడి, దర్వాజా, మిగిలిన బురుజులు అన్నీ కలిపి గంటన్నరలో అయిపోతాయి. ఏదో చిత్తోర్‌గఢ్ చూడబోతున్నట్టు ఊహించుకుని వస్తే ఉసూరుమంటారు.

అయినా ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లాలంటే గద్వాలే మేలు. దానికి కారణం కోట కాదు, కోట చుట్టూ ఉన్నవి.

ఒకటి, మట్టిగోడను దగ్గరగా చూడటం. రాతిగోడ ఎంత చూసినా రాయే. మట్టిగోడ అట్లా కాదు. వాన నీళ్లు జారిన చోట గాడులు పడి లోపలి పొరలు కనిపిస్తాయి, ఎర్రమట్టి, గులకరాళ్లు, మళ్లీ మట్టి. ఫిరంగి గుండు రాతిని పగలగొడుతుంది, మందపాటి మట్టిలో మాత్రం దిగబడి ఆగిపోతుంది. పేదతనంతో మట్టి వాడారనుకుంటారు గానీ, ఫిరంగుల కాలంలో మట్టి తెలివైన ఎంపికే. దాన్ని చంపేది గుండు కాదు, ప్రతి ఏటా వచ్చే వాన, దాని తర్వాత మరమ్మతు చేయించే రాజు లేకపోవడం.

రెండు, చీరలు. ఇంట్లో ఆడవాళ్లకు ముందే చెప్పకండి, చెప్తే కోట దాకా రారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు. రెండు రకాల దారాన్ని ఒకే చీరలో నేయాలంటే అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలు మూడు నడవాలి, ప్రతి వరసలో ఒళ్లు నేసే నూలు దారాన్ని అంచు దారంతో చేత్తో ముడేస్తూ పోవాలి. దుకాణంలో చీర తిరగేసి, నూలు పట్టు కలిసే గీత దగ్గర వేలితో రాయండి. చేనేతది అయితే ఆ గీత పొడవునా సన్నటి గట్టు తగులుతుంది. నున్నగా జారిపోతే మగ్గం మీది కోటకొమ్మ అంచు అని చెప్పినా నమ్మకండి. అవును, ఆ అంచు పేరు కోటకొమ్మ. కోటగోడ మీది పళ్లవరస మొత్తం చీర చుట్టూ తిరుగుతుంది. గోడ మీద చూడలేకపోయిన వరస అంచులో చూడొచ్చు. తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్లే ఏరువాడ జోడు పంచెలు ఇక్కడ నేసేవే, గద్వాల సంస్థానం నాటి ఆనవాయితీ.

మూడు, జూరాల. దేవరకద్ర, ఆత్మకూరు దారిలో వెళ్తే జూరాల డ్యామ్ మీదుగా గద్వాల చేరతారు. గేట్లు ఎత్తే రోజుల్లో అక్కడ ఇసుకేస్తే రాలదు. గేట్లు ఎత్తినా ఎత్తకపోయినా రోడ్డు పక్కన చేపలు వేయిస్తుంటారు. వచ్చేటప్పుడు తినేట్టు పెట్టుకోండి, వెళ్లేటప్పుడు తింటే కోట ఎక్కడికీ పోదని అక్కడే కూర్చుండిపోతారు. కార్తీకంలో అయితే ఈ దారిలో కురుమూర్తి జాతర రద్దీ ఉంటుంది, బస్సుల్లో నిలబడటానికీ చోటుండదు.

రైలు కూడా ఉంది. మహబూబ్‌నగర్, గద్వాల రెండూ కర్నూలు లైన్‌లోనే. పెద్దవాళ్లతో వెళ్తే బస్సు కంటే రైలే సుఖం. స్టేషన్ నుంచి కోటకు ఆటో దొరుకుతుంది.

దేవరకొండ: నల్లగొండ వాళ్ల మొదటి మాట ఇదే కావాలి

నల్లగొండ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. 14వ శతాబ్దంలో కాకతీయ రాజ్యం కూలాక రేచర్ల పద్మనాయకులు తెలంగాణలో లేచారు. వాళ్లలో ఒక శాఖ రాచకొండ ఏలింది, ఇంకో శాఖ దేవరకొండ. ఏడు గుట్టలను కలుపుతూ గోడ తిప్పారు. ఊళ్లో అడిగితే 360 బురుజులని చెప్తారు. లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది గానీ, ఎక్కేటప్పుడు ఆ సంఖ్య అబద్ధమనిపించదు. ఒక మలుపు తిరిగితే ఇంకో గోడ, అది దాటితే ఇంకో దర్వాజా.

భువనగిరి ఒకే గుండు. దేవరకొండ అట్లా కాదు, గుట్టల నడుమ పెద్ద లోయంతా కోటే. లోపల కోనేర్లు, దిగుడు బావులు, గుళ్లు, ధాన్యం దాచుకున్న కట్టడాలు ఉన్నాయి. ముట్టడి వేస్తే నెలల తరబడి లోపలే బతకడానికి వేసిన లెక్క ఇది. నీళ్లున్న చోటల్లా ఆగి చూడండి. ఈ కరువు సీమలో కోట ఎన్నాళ్లు నిలుస్తుందన్నది గోడ మందం కన్నా వాననీటిని ఎంత పట్టి ఉంచారన్న దాని మీదే ఆధారపడేది. దర్వాజాల మీద చెక్కిన పూర్ణకుంభాలు కూడా చూసుకోండి, తల వంచుకుని పోతే తప్పిపోతాయి.

దారి పొడవునా సీతాఫలం పొదలు, ముళ్లకంపలు. వానాకాలం చివర్లో, చలికాలం మొదట్లో పచ్చగా ఉండి అందంగా ఉంటుంది, కానీ దారి కనపడదు, పాములుంటాయి. ప్యాంటు, బూట్లు వేసుకోండి. చీరలు, చెప్పులతో వచ్చినవాళ్లు మొదటి దర్వాజా దగ్గరే ఆగిపోతారు. నీళ్లు, సద్ది ఊళ్లోనే కట్టించుకోవాలి, పైన ఏమీ దొరకదు. ఒంటరిగా వెళ్లొద్దు. ఆడపిల్లలు గుంపుగా వెళ్లినా పొద్దు వాలకముందే దిగేట్టు చూసుకోవాలి. మొత్తానికి నాలుగు గంటలు పెట్టుకోండి. సగం చూసి దిగిపోవడమే ఎక్కువమందికి జరుగుతుంది. అట్లా దిగినా సిగ్గుపడక్కర్లేదు.

పాలమూరు నుంచి కూడా దేవరకొండకు రావచ్చు. రాయచూరు నుంచి వచ్చే ఆ 167వ నంబరు రోడ్డే జడ్చర్ల, కల్వకుర్తి దాటి ఇటువైపు వచ్చి కొండమల్లేపల్లి మీదుగా మిర్యాలగూడ, కోదాడ పోతుంది. దూరం రాయచూరుకు అయ్యేంతే. అదే దూరం పోవాలంటే నేను రాయచూరే పోతాను, మీకు గుట్టలంటే పిచ్చి ఉంటే ఇటు రండి.

భువనగిరి: సగం రోజుకు చాలు

నల్లగొండ నుంచి 70 కిలోమీటర్ల చిల్లర. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఒకే రాతిగుండు, దాదాపు 500 అడుగుల ఎత్తు. మెట్లు చెక్కారు, మెట్లు లేనిచోట రాతి మీదే నడవాలి. పైకి ఎక్కితే చుట్టూ మైదానం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. కట్టడాలుగా చూస్తే పైన మిగిలింది తక్కువే. ఇది చూడటానికంటే ఎక్కడానికి వెళ్లే చోటు. రాతి ఎక్కుడు నేర్పే బడి ఉన్నది కూడా అందుకే. పొద్దున ఎనిమిదికల్లా ఎక్కడం మొదలుపెట్టాలి. పదకొండు దాటితే ఆ బండ పెనంలా కాలుతుంది. దిగాక యాదగిరిగుట్టకు పోయి దర్శనం చేసుకుంటే రోజు నిండుతుంది, ఎక్కువమంది చేసేది అదే.

చరిత్ర ఇష్టమున్న వాళ్లు ఒకటి గుర్తుచేసుకోవచ్చు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా ఆంధ్ర మహాసభ జరిగింది ఈ గుండు కిందున్న ఊళ్లోనే. తర్వాతి రెండు మూడేళ్లలో నల్లగొండ పల్లెల్లో లేచిన రైతుల సాయుధ పోరాటానికి అక్కడే దారి పడింది.

మిగతావి

రాచకొండ పేరు పోలీస్ కమిషనరేట్ వల్లే ఎక్కువమందికి తెలుసు. సర్వజ్ఞ సింగభూపాలుడు అక్కడే కూర్చుని సంస్కృతంలో రసార్ణవసుధాకరం రాశాడని చెప్తే నమ్మరు. సంస్థాన్ నారాయణపురం దగ్గరి అడవి గుట్టలు, సున్నం లేని పెద్దరాళ్ల గోడలు. సొంత బండి ఉండాలి, దారి తెలిసినవాళ్లు తోడుండాలి. మొదటిసారి కోట చూడాలనుకునేవాళ్లకు కాదు. దేవరకొండ చూసి ఇంకా కావాలనిపించినవాళ్లకు.

కోయిలకొండ మహబూబ్‌నగర్‌కు బాగా దగ్గర, కుర్రవాళ్లు బైకుల మీద పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. కుతుబ్‌షాహీల సరిహద్దు ఖిల్లా. అక్కడ కోట కాపలా కాసే నాయకవాడీలు ఇబ్రహీం కుతుబ్‌షాకు విధేయంగా ఉంటామని చేసిన ప్రమాణం 1550 నాటి తెలుగు శాసనంలో ఉంది. అంటే ఆ ఏడాదే గద్దెనెక్కిన సుల్తానుకు తెలుగులో రాసిచ్చిన మాట. ఎక్కుడు కఠినం, దర్వాజాలు ఒకదాని తర్వాత ఒకటి.

పానగల్ విషయంలో మ్యాప్ జాగ్రత్తగా చూసుకోండి. వనపర్తి జిల్లా పానగల్‌లో ఉన్నది గుట్ట ఖిల్లా. నల్లగొండ ఊరికి ఆనుకుని ఉన్న పానగల్లులో ఉన్నది ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు. రెండూ మంచి చోట్లే. ఒకదానికని బయల్దేరి ఇంకోదానికి చేరితే మాత్రం రోజు పోతుంది. ఖిల్లా ఘనపురానికైతే అక్కడి గణపసముద్రం చెరువు నిండి ఉన్నప్పుడే వెళ్లండి, ఎండిపోయినప్పుడు అంత దూరం ఎందుకు వచ్చామా అనిపిస్తుంది.

ఎవరికి ఏది

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఇద్దరూ ఉంటే పాలమూరు వైపు నుంచి గద్వాల. అత్తమామలతో వెళ్తున్న కొత్త కోడలైతే మరో మాట లేకుండా గద్వాలే, చీరల దుకాణంలో అందరూ సంతోషంగా ఉంటారు. హైస్కూలు పిల్లలకు పాఠంలో ఉన్నది కళ్లతో చూపించాలంటే రాయచూరు. కాలేజీ కుర్రాళ్లు నలుగురు కలిస్తే దేవరకొండ, అంత టైం లేకపోతే కోయిలకొండ. నల్లగొండ నుంచి పెద్దవాళ్లతో అయితే కోటలను వదిలేసి పానగల్లు గుళ్లు చూపించడమే మంచిది, ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా లింగం మీద పడే నీడ కదలకుండా ఎట్లా ఉంటుందో వాళ్లు చూసి చెప్పే కారణాలు వినాలి.

నల్లగొండ నుంచి గద్వాల, రాయచూరు ఒక్కరోజులో పెట్టుకోవద్దు. దూరం 200 కిలోమీటర్లు పైనే, చూసేది బస్సు కిటికీలోంచే అవుతుంది. రాత్రి మహబూబ్‌నగర్‌లో చుట్టాలింట్లో పడుకునే వీలుంటే వేరు సంగతి.

కారు ఉండి, పొద్దున ఆరుకల్లా మహబూబ్‌నగర్ వదిలితే రాయచూరు, గద్వాల రెండూ ఒకే రోజు చూడొచ్చు, రెండు ఊళ్ల మధ్య దూరం దాదాపు 60 కిలోమీటర్లే. అప్పుడు వరస తిప్పకండి. రాయచూరు ముందు: ఎనిమిదిన్నరకల్లా శాసనం బండ దగ్గర ఉంటే వెలుతురు పక్కనుంచి పడుతుంది, ఎండ ముదిరేలోపు గుట్ట దిగేస్తారు. మధ్యాహ్నం అన్నం అక్కడే తిని గద్వాల చేరితే నాలుగింటికి కోట, గుడి, దాని తర్వాత దుకాణాలు. చీరల బేరం ఎంతసేపు సాగినా దుకాణాలు మూసేయరు, జూరాల దగ్గర చేపలు మాత్రం చీకటి పడితే దొరక్కపోవచ్చు. కాబట్టి డబ్బులు ముందే లెక్క చూసుకుని దుకాణంలోకి వెళ్లండి.